సున్నా వచ్చింది, పని జరగలేదు

హైదరాబాద్‌లో ఉదయం పది. కిటికీ అవతల గచ్చిబౌలి రోడ్డు మీద ఆఫీసు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. మీ ముందున్న తెర మీద మాత్రం ఇంకా రాత్రే. అమెరికా తూర్పు తీరంలో పన్నెండున్నర అయింది. వేసవిలో అక్కడికీ ఇక్కడికీ తేడా తొమ్మిదిన్నర గంటలు. అక్కడి బ్యాంకు రోజు ముగించి తలుపులు వేసుకుంది. ఆ రోజు లావాదేవీల లెక్క తేల్చే బ్యాచ్ జాబులు మెయిన్‌ఫ్రేమ్ మీద వరసగా నడుస్తున్నాయి. ఈ పూట వాటికి కాపలా మీరు.

3270 టెర్మినల్ తెర. నల్లటి నేల మీద ఆకుపచ్చ అక్షరాలు, 24 వరసలు, వరసకు 80 అక్షరాలు. ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో జాబుల జాబితా తెరిచి పైనుంచి కిందికి చదువుతున్నారు. సీసీ 0000. సీసీ 0000. మళ్లీ సీసీ 0000. ఒక వరస దగ్గర కన్ను ఆగింది. రోజు చివరి ఫైలును ఇంకో బ్యాంకుకు పంపాల్సిన జాబు పడిపోయింది. కారణం లాగ్‌లో సూటిగానే ఉంది: పంపాల్సిన ఫైలు లేదు.

ఆ ఫైలును తయారు చేయాల్సింది దానికి ముందున్న జాబు. దాని ఎదురుగా సీసీ 0000 అనే ఉంది. సున్నా అంటే పని సవ్యంగా ముగిసిందని అర్థం. మరి ఫైలేది?

పక్క సీట్లో అక్క ఉంది. టీమంతా ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఏళ్ల తరబడి సిస్టమ్ ప్రోగ్రామర్‌గా ఇలాంటి రాత్రులు ఎన్నో చూసిన మనిషి.

"అక్కా, ముందు జాబు సున్నాతోనే అయిపోయింది. ఫైలు మాత్రం రాలేదు."

"ఎంతసేపు నడిచిందో చూడు."

చూశారు. రోజూ ఏడు నిమిషాలు పట్టే జాబు ఈ రాత్రి ఒక్క సెకను కూడా నడవలేదు.

"అయితే అది పని ముగించలేదు, మొదలే పెట్టలేదు" అంటూ ఆమె కుర్చీ మీ వైపు తిప్పింది. "అక్కడ రెండింటికి అవతలి బ్యాంకు ఫైళ్లు తీసుకోవడం ఆపేస్తుంది. పద, జేసీఎల్ తియ్యి."

జాబు ఏం చేయాలో చెప్పే ఆ జేసీఎల్ చిన్నదే. ఒకే స్టెప్పు. అది పిలిచే ప్రోగ్రాం పేరు బీపీఎక్స్‌బ్యాచ్. దానికిచ్చిన పారామీటర్‌లో 'ఎస్‌హెచ్' అన్న రెండక్షరాలు, వాటి పక్కనే నడపాల్సిన స్క్రిప్టు దారి. ఐబీఎం 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360ని ప్రకటించినప్పుడు ఈ యంత్రాల పని కార్డుల కట్టలు మింగి ఫలితాలు అచ్చేయడం. 1990లలో వాటి వారసుల ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఐబీఎం ఒక యూనిక్స్‌ను కూడా కూర్చోబెట్టింది. ఇవాళ జెడ్/ఓఎస్ అని పిలిచే ఆ సిస్టమ్ మీద కోబాల్ ప్రోగ్రాములు నడిచే చోటే షెల్ స్క్రిప్టులూ నడుస్తాయి. జేసీఎల్ నుంచి యూనిక్స్ వైపు దాటించే వంతెన బీపీఎక్స్‌బ్యాచ్. 'ఎస్‌హెచ్' అని రాస్తే అది ఒక లాగిన్ షెల్‌ను లేపి, ఈ స్క్రిప్టు నడుపు అని చెబుతుంది.

స్క్రిప్టులోనే తప్పుందేమో. టెస్ట్ సిస్టమ్‌లోకి వెళ్లి, మనుషులు కమాండ్లు కొట్టే టీఎస్‌ఓలో ఓఎంవీఎస్ అని టైపు చేశారు. తెర మారి యూనిక్స్ షెల్ తెరుచుకుంది. స్క్రిప్టును చేత్తో నడిపారు. ఏడు నిమిషాలు ఆగే ఓపిక లేక చిన్న డేటాతో నడిపారు. ఫైలు వచ్చింది. లాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో వెళ్లి మళ్లీ నడిపారు. మళ్లీ వచ్చింది.

"స్క్రిప్టు బాగానే ఉందక్కా. రెండు వైపుల నుంచీ నడిచింది."

ఆమె చూపు మీ తెర మీద ఇంకోచోట ఉంది. "ఈ ప్రాంప్టు ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

అప్పుడు గమనించారు. నిన్నటి దాకా అక్కడ ఉండేది వట్టి డాలర్ గుర్తు. ఇవాళ యంత్రం పేరు, డైరెక్టరీ పేరు, చివర్లో డాలర్. బాణం మీటలు నొక్కితే పాత కమాండ్లు వరసగా వస్తున్నాయి. ఇది జెడ్/ఓఎస్‌తో వచ్చే మామూలు షెల్ కాదు. బ్యాష్.

"బాగుంది కదా అనుకున్నాను" అన్నారు మీరు.

"బాగానే ఉంది. నువ్వు కూర్చున్న చోట బాగుంది. బ్యాచ్ కూర్చున్న చోట ఎలా ఉందో అడుగుదాం."

అడగడానికి ఆమె ఎంచుకున్న పద్ధతి చాలా చిన్నది. ఒక టెస్ట్ జాబు. బీపీఎక్స్‌బ్యాచ్‌కు ఇచ్చే పని ఒక్కటే: 'ఎగ్జిట్ 3'. షెల్ లేవాలి, 3 అనే సంఖ్యతో వెనక్కి రావాలి, అంతే. బీపీఎక్స్‌బ్యాచ్ షెల్ ఇచ్చిన సంఖ్యను 256తో గుణించి జాబుకు అప్పజెబుతుంది. ఎగ్జిట్ 1 అయితే సీసీ 0256. ఎగ్జిట్ 3 అయితే 0768 రావాలి.

సబ్మిట్ చేశారు. తెర మీద కనబడింది: సీసీ 0000.

వెన్నులో సన్నగా చలి పాకింది. మీరిచ్చిన పని ఎంత చిన్నదైనా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. షెల్‌ను మూడు తెమ్మని పంపితే సున్నాతో తిరిగొచ్చింది. ఈ రాత్రి ఈ దారిలో వెళ్లిన ప్రతి జాబూ ఇలాగే ఖాళీ చేతులతో వచ్చి, పని అయిందని చెప్పి ఉంటుంది.

"లాగిన్ షెల్ లేవగానే ముందు ఏం చదువుతుంది?" అక్క అడిగింది.

"ప్రొఫైల్. ఈటీసీ డైరెక్టరీలో ఉన్న అందరి ప్రొఫైల్ ముందు. తర్వాత ఎవరి హోమ్ డైరెక్టరీలో ఉన్నది వాళ్లది."

"మనిషి వచ్చినా చదువుతుంది, జాబు వచ్చినా చదువుతుంది. కాబట్టి ఒక్కో దారిలో వచ్చినప్పుడు ఆ ప్రొఫైల్‌కు ఏం కనబడుతుందో దాని చేతే రాయిద్దాం."

టెస్ట్ సిస్టమ్‌లోనే, ఈటీసీ ప్రొఫైల్ మొదట్లో నాలుగైదు లైన్లు చేర్చారు. తెర మీద ఏమీ అచ్చు వేయకుండా ఒక ఫైలు చివర మాత్రమే రాసే లైన్లు. టైము, షెల్ తనను తాను పిలుచుకునే పేరు, షెల్ ఆప్షన్లు ఉండే డాలర్-హైఫన్ విలువ, టీటీవై కమాండ్ చెప్పే జవాబు, ఇంకో రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు. వాటిలో మొదటిది అండర్‌స్కోర్‌తో మొదలయ్యే బీపీఎక్స్ టర్మ్‌పాత్. షెల్‌లోకి మనిషి ఏ దారిన వచ్చాడో స్క్రిప్టులు తెలుసుకోవడానికే ఐబీఎం దాన్ని పెట్టింది. రెండోది ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్.

ఇక ఒక్కో దారిలో నడిచి చూడటమే.

ముందు ఓఎంవీఎస్. లాగ్ ఫైలు తెరిచారు. టీటీవై దగ్గర స్లాష్ డెవ్ కింద ఒక టెర్మినల్ పేరు. టర్మ్‌పాత్ విలువ ఓఎంవీఎస్. ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ ఖాళీ. డాలర్-హైఫన్‌లో 'ఐ' అక్షరం ఉంది, ఇంటరాక్టివ్ అని గుర్తు.

తర్వాత ఎస్ఎస్‌హెచ్. ఇక్కడా టెర్మినల్ పేరు ఉంది. టర్మ్‌పాత్‌లో ఓఎంవీఎస్ లేదు. ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్‌లో నాలుగు ముక్కలు ఉన్నాయి: మీ లాప్‌టాప్ చిరునామా, దాని పోర్టు, మెయిన్‌ఫ్రేమ్ చిరునామా, దాని పోర్టు 22.

ఎస్ఎస్‌హెచ్‌లోనే లాగిన్ కాకుండా ఒక్క కమాండ్ మాత్రం పంపారు. జవాబు వచ్చింది. లాగ్ తెరిస్తే కొత్త వరస ఏదీ లేదు. మీరు మళ్లీ పంపబోతుంటే అక్క ఆపింది. "సరిగ్గానే ఉంది. ఒక్క కమాండ్ పంపితే లేచేది లాగిన్ షెల్ కాదు. ప్రొఫైల్ జోలికే పోదు. లాగ్‌లో వరస లేకపోవడమే అక్కడ జవాబు."

చివరికి బ్యాచ్ జాబు. లాగ్‌లో వరస వచ్చింది. టెర్మినల్ పేరుండాల్సిన చోట టెర్మినల్ కాదు అన్న మాట. టర్మ్‌పాత్ ఖాళీ. ఎస్ఎస్‌హెచ్ ఖాళీ. డాలర్-హైఫన్‌లో 'ఐ' లేదు. ఆ వరస చూస్తుంటే ఆ షెల్ ఎలాంటి చోట లేచిందో మీకు తెలుస్తుంది. ఎదురుగా తెర లేదు, మీట నొక్కే వేలు లేదు. జేసీఎల్‌లో ఎస్‌టీడీఇన్ అని డీడీ ఇవ్వకపోతే బీపీఎక్స్‌బ్యాచ్ దాని ఇన్‌పుట్‌ను డెవ్ నల్‌కు కలుపుతుంది. చదవబోతే మొదటి క్షణంలోనే ఫైలు ముగిసింది అన్న సమాధానం వస్తుంది.

"ఇంకోటి మిగిలింది" అంది అక్క. టీఎస్‌ఓ రెడీ ప్రాంప్టు దగ్గరికి వెళ్లి, జాబు లేకుండా నేరుగా బీపీఎక్స్‌బ్యాచ్‌ను కమాండ్‌లా కొట్టమంది. కొట్టారు. మీరు అక్కడే ఉన్నారు, కళ్లు తెర మీదే ఉన్నాయి. లాగ్‌లో మాత్రం మళ్లీ టెర్మినల్ కాదు అనే వచ్చింది.

"చూశావా? మనిషి ఉన్నాడా లేడా అని షెల్‌కు తెలియదు. తన ఇన్‌పుట్ టెర్మినలా కాదా అన్నదే తెలుసు. మనం అడగాల్సిందీ అదే."

ఇప్పుడు మీరు ప్రొడక్షన్‌లోని నిన్నటి ఈటీసీ ప్రొఫైల్‌నూ ఇవాళ్టిదాన్నీ పక్కపక్కన పెట్టి డిఫ్ తీశారు. తేడా ఒకే లైను. ఎవరో మంచి ఉద్దేశంతో చివర్లో చేర్చిన లైను: ఎగ్జెక్ బ్యాష్. అందరికీ హాయిగా ఉండే షెల్ ఇద్దామని. చేంజ్ టికెట్‌లో టెస్ట్ ఫలితాలు కూడా జత చేసి ఉన్నాయి. ఓఎంవీఎస్‌లో చూశారు, ఎస్ఎస్‌హెచ్‌లో చూశారు. రెండూ పాసయ్యాయి.

ఎగ్జెక్ చేసే పని తెలిస్తే మిగతాదంతా విడిపోతుంది. అది కొత్త ప్రోగ్రాంను పక్కన లేపదు. ఉన్న షెల్‌ను తీసేసి అదే ప్రాసెస్‌లో కొత్తదాన్ని కూర్చోబెడుతుంది. బీపీఎక్స్‌బ్యాచ్ లేపిన షెల్ చేతిలో నడపాల్సిన స్క్రిప్టు పేరు ఉంది. దాన్ని నడపడానికి ముందు నియమం ప్రకారం ప్రొఫైల్ చదువుతోంది. చివరి లైను దగ్గర ఎగ్జెక్ బ్యాష్ వచ్చింది. డ్యూటీ మారిన గుమాస్తా పాత గుమాస్తా చేతిలోని చీటీ అందుకోకుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు, బ్యాష్ వచ్చి కూర్చుంది. స్క్రిప్టు పేరు పాత షెల్‌తోనే పోయింది. బ్యాష్ తనకేం పని ఉందా అని ఇన్‌పుట్ వైపు చూసింది. డెవ్ నల్. ఏమీ లేదు. పనేమీ లేకపోతే తప్పూ ఏమీ లేదు కనుక సున్నా చెప్పి వెళ్లిపోయింది. బీపీఎక్స్‌బ్యాచ్ ఆ సున్నాను 256తో గుణించింది. సున్నాయే వచ్చింది.

ఓఎంవీఎస్‌లో, ఎస్ఎస్‌హెచ్‌లో నడిచినప్పుడు ఇదే లైను ఏ హానీ చేయలేదు. అక్కడ పాత షెల్ చేతిలో చీటీ ఏదీ లేదు. కొత్తగా వచ్చిన బ్యాష్ టెర్మినల్ వైపు చూసి మనిషి టైపు చేసేదాకా ఆగింది.

"ఐబీఎం ఇచ్చే శాంపుల్ ప్రొఫైల్ తీసి చూడు" అంది అక్క. శాంపుల్స్ డైరెక్టరీలోకి వెళ్లారు. అందులో ఎన్నేళ్ల నుంచో ఉన్న మూడు నాలుగు లైన్ల ముక్క ఉంది. స్టెప్‌లిబ్ అనే వేరియబుల్ ఖాళీగా ఉండి, పైగా టీటీవై మైనస్ ఎస్ అన్న పరీక్ష నెగ్గితేనే, స్టెప్‌లిబ్‌కు నన్ అని విలువ ఇచ్చి ఎగ్జెక్‌తో కొత్త లాగిన్ షెల్‌ను తేవాలి. షెల్ వేగంగా నడవడం కోసం రాసిన ముక్క అది.

మీరు దాన్ని నెమ్మదిగా చదువుతారు. రెండు షరతులూ ఎందుకున్నాయో ఇప్పుడు స్పష్టంగా కనబడుతుంది. ఎగ్జెక్ తర్వాత వచ్చే లాగిన్ షెల్ ఇదే ప్రొఫైల్‌ను మళ్లీ చదువుతుంది. రెండోసారి స్టెప్‌లిబ్ ఖాళీగా ఉండదు కనుక అక్కడితో ఆగుతుంది. మొదటి షరతు లేకపోతే అది ఎప్పటికీ తిరుగుతూనే ఉండేది. ఇక టీటీవై మైనస్ ఎస్ ఏమీ అచ్చు వేయదు, ఇన్‌పుట్ టెర్మినల్ అయితే సున్నా, కాకపోతే వేరే సంఖ్య ఇస్తుంది. ఆ షరతు లేకపోతే ఈ రాత్రి జరిగిందే జరుగుతుంది. ఈ ప్రమాదం తెలిసి రాసినవాళ్లు ఆ జాగ్రత్తను శాంపుల్‌లోనే పెట్టి ఇచ్చారు.

"మరి ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ వేరియబుల్ ఉందా లేదా అని చూస్తే సరిపోదా అక్కా? ఓఎంవీఎస్‌కు టర్మ్‌పాత్ ఎలాగూ ఉంది."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నువ్వు ఎస్ఎస్‌హెచ్‌లో వచ్చి, ఒక స్క్రిప్టును నోహప్‌తో వెనక నడవనిచ్చి, లాగౌట్ అయి ఇంటికెళ్లావనుకో. ఆ స్క్రిప్టు మధ్యలో ఒక లాగిన్ షెల్‌ను లేపింది. దాని చేతిలో నీ ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ విలువ అలాగే ఉంటుంది. తల్లి ప్రాసెస్ నుంచి పిల్ల ప్రాసెస్‌కు వచ్చేసింది. నువ్వేమో లేవు. ఎన్విరాన్‌మెంట్ ఎప్పుడో జరిగింది చెబుతుంది. టీటీవై ఇప్పుడున్నది కర్నెల్‌ను అడిగి చెబుతుంది. ఎగ్జెక్ చేయాలా వద్దా అన్నది టీటీవైతో తేల్చు. ఏ రకం టెర్మినల్ అన్నది తేల్చాకే వేరియబుళ్ల జోలికి పో."

ఆ రెండో ప్రశ్నకూ విలువుంది. ఓఎంవీఎస్‌లో 3270 తెర ఉంటుంది. అక్కడ వీఐ ఎడిటర్ నడవదు, ఓఎడిట్ వాడాలి. ఎస్ఎస్‌హెచ్‌లో వీఐ చక్కగా నడుస్తుంది. ఎడిటర్ పేరు, రంగులు, ప్రాంప్టు ఇలాంటివి దారిని బట్టి మార్చడానికి టర్మ్‌పాత్ పనికొస్తుంది. దాన్ని నమ్మి ప్రాసెస్‌నే మార్చేస్తేనే ముప్పు.

అక్కడ పన్నెండున్నర దాటి ఒంటిగంట అవుతోంది. బ్రిడ్జ్ కాల్‌లో అవతలివాళ్లు ఎమర్జెన్సీ చేంజ్‌కు అప్రూవల్ ఇచ్చారు. మీరు రాయాల్సింది ఒక షరతు: టీటీవై మైనస్ ఎస్ నెగ్గితేనే ఎగ్జెక్ బ్యాష్. ముందు టెస్ట్‌లో. ఓఎంవీఎస్‌లో బ్యాష్ వచ్చింది. ఎస్ఎస్‌హెచ్‌లో వచ్చింది. ఇక 'ఎగ్జిట్ 3' జాబు. సబ్మిట్ చేసి ఎంటర్ నొక్కుతూ చూస్తున్నారు. సీసీ 0768. ఇంత పెద్ద సంఖ్య చూసి ఇంత ఊరట కలగడం మెయిన్‌ఫ్రేమ్ మీదే సాధ్యం.

ప్రొడక్షన్‌లో మార్పు పెట్టి అసలు జాబును మళ్లీ నడిపారు. ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో అక్క టీఎస్‌ఓ వైపు ఇదే ప్రశ్న ఎలా అడుగుతారో చెబుతుంది. లాగాన్ అవగానే నడిచే రెక్స్ స్క్రిప్టులు అక్కడా ఉంటాయి. టీఎస్‌ఓను నడిపే ఐకేజేఈఎఫ్‌టీ01 అనే ప్రోగ్రాంను బ్యాచ్ జాబు కూడా పిలవగలదు. అందుకే రెక్స్‌లో సిస్‌వార్ అనే ఫంక్షన్‌ను సిస్‌ఎన్వ్ అని అడిగితే మనిషి ముందు నడుస్తుంటే ఫోర్ అని, బ్యాచ్‌లో నడుస్తుంటే బ్యాక్ అని చెబుతుంది. సిస్‌ఐఎస్‌పీఎఫ్ అని అడిగితే ఐఎస్‌పీఎఫ్ తెరలు ఉన్నాయో లేదో చెబుతుంది. పార్స్ సోర్స్ అన్న ఒక్క లైనుతో తనను కమాండ్‌గా పిలిచారా, ఫంక్షన్‌గా పిలిచారా అన్నదీ తెలుస్తుంది. మెనూ చూపించే ముందు, ప్రశ్న వేసే ముందు ఈ మాట అడగని లాగాన్ స్క్రిప్టు, జవాబిచ్చేవాళ్లు లేని చోట ఏదో ఒక రాత్రి నిలబడిపోతుంది.

ప్రొఫైల్‌లో ఎగ్జెక్ ఒక్కటే కాదు, పలకరింపు కూడా ప్రమాదమే అంటుంది ఆమె. ఆస్కీ వాడే ఏ యూనిక్స్ యంత్రం మీదైనా ఎస్‌ఎఫ్‌టీపీ సెషన్ మొదలయ్యేటప్పుడు షెల్ చదివే ఫైలులో ఎవరైనా వెల్‌కం అని ఇంగ్లీషులో అచ్చు వేస్తే చాలు. అవతలి ప్రోగ్రాం మొదటి నాలుగు బైట్లను రాబోయే సందేశం పొడవుగా చదువుతుంది. ఆ మాటలోని మొదటి నాలుగు అక్షరాల ఆస్కీ విలువ 146,62,64,675. అంటే 146 కోట్ల బైట్ల సందేశం వస్తోందని నమ్మి, ఇంత పొడవు నా వల్ల కాదని సెషన్ ఆపేస్తుంది. మంచి మనసుతో రాసిన ఒక స్వాగతం అవతలి యంత్రానికి చేరేసరికి అంకె అయిపోతుంది.

అక్కడ ఒంటిగంటా ఇరవై. జాబు ముగిసింది. సీసీ 0000. మీరు ఆ సున్నా దగ్గర ఆగలేదు. ఫైలు ఉందో లేదో చూశారు. ఉంది. రికార్డుల సంఖ్య నిన్నటిదానికి దగ్గరగా ఉంది. పంపే జాబును విడుదల చేశారు. గడువుకు ముందే ఫైలు చేరినట్టు అవతలి బ్యాంకు నుంచి రసీదు వచ్చింది. ఈ రాత్రి నడిచిన మిగతా బీపీఎక్స్‌బ్యాచ్ జాబుల జాబితా తీసి, సెకనులో ముగిసినవాటిని ఏరి, ఒక్కొక్కటే మళ్లీ నడపడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం భోజనానికి లేచే ముందు టికెట్‌లో మూడు పనులు రాయమంది అక్క. ఒకటి: ప్రొఫైల్‌లో ఏ మార్పు వచ్చినా ఓఎంవీఎస్, ఎస్ఎస్‌హెచ్‌లతో పాటు 'ఎగ్జిట్ 3' బ్యాచ్ జాబు కూడా నడిపి, 0768 వస్తేనే ముందుకు వెళ్లాలి. రెండు: ప్రతి ముఖ్యమైన స్క్రిప్టు చివర పని పూర్తయినట్టు ఒక గుర్తు రాయాలి, తర్వాతి జాబు సున్నాతో పాటు ఆ గుర్తును కూడా చూడాలి. మూడు: అందరి ప్రొఫైల్‌లో సదుపాయం కోసం చేర్చే ప్రతి లైనూ టీటీవై షరతు లోపలే ఉండాలి.

మూడోదాని కింద మీరు సొంతంగా ఇంకో వాక్యం చేర్చారు. ఈ ఫైలును రోజూ మనకంటే ఎక్కువసార్లు చదివేది బ్యాచ్ జాబులు, వాటికి ఇబ్బంది కలిగితే అవి నోరు తెరిచి చెప్పవు కనుక వాటి తరఫున ఆలోచించాల్సింది మార్పు చేసేవాళ్లే. అక్క చదివి, ఒక్క అక్షరం మార్చకుండా టికెట్ మూసింది.